అమ్మకు ఆలయం లేని ఆరు శతాబ్దాలు: అలంపుర క్షేత్ర చరిత్ర

తుంగభద్రా పశ్చిమతీరంలో, కృష్ణాసంగమానికి సమీపంలో వెలసిన పుణ్యక్షేత్రం అలంపురం. శ్రీశైలానికి పశ్చిమద్వారంగాను, అష్టాదశ శక్తిపీఠాలలో ఐదవదిగాను ఆస్తికలోకం దీనిని ఆరాధిస్తున్నది. నేడు ఇది తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన చిన్న పట్టణం.

ఇచ్చటి నవబ్రహ్మాలయాలు క్రీ.శ. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల ఏలుబడిలో నిర్మితమైనవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వాటి నామాలు. నామాలలో బ్రహ్మశబ్దం ఉన్నా, ఆరాధ్యదైవం పరమశివుడే. బ్రహ్మదేవుడు ఇచ్చట తపమాచరించి ఈశ్వరుని ప్రసన్నుని చేసుకొన్నాడని స్థలపురాణం. తారకబ్రహ్మాలయం మినహా తక్కినవాటి శిఖరాలు ఆమలకంతో కూడిన ఔత్తరాహ నాగరరీతిలో ఉండటం విశేషం.

14వ శతాబ్దంలో దండయాత్రల వలన జోగులాంబాలయం ధ్వంసమైనదని పరంపరగా చెబుతారు. అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మాలయంలో ఒక మూల భద్రపరచి ఆరాధించారు. తరాలు మారినవి, రాజ్యాలు మారినవి. దీపం మాత్రం ఆరలేదు. 2005లో పూర్వస్థానంలోనే నూతనాలయం నిర్మితమై అమ్మ తన నెలవునకు చేరినది. ఉగ్రరూపిణియైన తల్లిని శాంతింపజేయుటకా అన్నట్లు ఆలయం చుట్టూ జలం నిలిపారు.

అంతకుముందే మరొక పరీక్ష వచ్చినది. శ్రీశైల జలాశయం నిండితే కృష్ణా తుంగభద్రా సంగమస్థానమైన కూడవెల్లి మునుగుతుంది. అందుచేత అచ్చటి సంగమేశ్వరాలయాన్ని శిలలుగా విడదీసి అలంపురంలో పునర్నిర్మించారు. పాపనాశి ఆలయసముదాయానికీ అదే గతి పట్టినది. సంగమేశ్వరుడు తరలివచ్చాడు, సంగమం తరలిరాలేదు. ఆ లోటు భక్తునికి నేటికీ తెలుస్తూనే ఉన్నది.

మరి స్థానం చలిస్తే సాన్నిధ్యం చలిస్తుందా? దీనికి ఆగమసంప్రదాయంలోనే సమాధానం ఉన్నది. జీర్ణోద్ధరణ వేళ దేవతాకళను బాలాలయంలో నిలిపి, అచ్చట పూజ సాగించి, ఆలయం సిద్ధమైన పిమ్మట కుంభాభిషేకంతో మరల ప్రతిష్ఠించడం విధి. ఇతర క్షేత్రాలలో కొన్ని మాసాలో, కొన్ని సంవత్సరాలో సాగే ఆ బాలాలయవాసం అలంపురంలో సుమారు ఆరు శతాబ్దాలు సాగినదని భావింపవచ్చు. శిల పగులవచ్చు, తీరం మునగవచ్చు. నిత్యార్చన తెగనంతవరకు క్షేత్రం జీవించే ఉంటుంది.

కావున అలంపురం దర్శించువారు తుంగభద్రలో స్నానమాచరించి, నూతనాలయంలో అమ్మను సేవించి, అంతటితో మరలిపోరాదు. ఇన్ని తరాలు తల్లికి ఆశ్రయమిచ్చిన బాలబ్రహ్మేశ్వరుని ఎదుట ఒక్క క్షణం కృతజ్ఞతతో నిలువవలెను.

శ్రీ జోగులాంబా బాలబ్రహ్మేశ్వరార్పణమస్తు.