రాట్నం లెక్కలోకి రాలేదు

1626లో ఇంగ్లీషు కంపెనీ నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో కొఠీ పెట్టి బట్టలు కొన్నది. ఆ బట్టలకు నూలు వడికిన ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా నేను చదివిన చరిత్రల్లో లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వ్యవహారం తిరగబడి, ఇంగ్లండు మిల్లు నూలు చవగ్గా వచ్చిపడింది. ఆ నూలే కొని కొందరు నేతగాళ్లయినా మగ్గాలు నిలబెట్టుకున్నారు. వెంకటగిరి చీర ఇవాళ్టికీ ఉంది. దాన్ని చూపించి విదేశీ పోటీని తట్టుకున్నామంటాం. తట్టుకున్నది మగ్గం, రాట్నం కాదు. ఇంటిపని మధ్య వడికి నాలుగు డబ్బులు కళ్లచూసిన వితంతువులకి (దాన్ని ఆదాయమని ఎవరన్నారు గనక!) మూతపడిందని చెప్పుకోడానికి దుకాణమైనా లేదు.

2012లో కేంద్రం చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతిచ్చినప్పుడు నేను విన్న చర్చల్లో కిరాణా కొట్ల యజమానులున్నారు. మైపాడు నుంచి గంపల్లో చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్లు లేరు.