న్యాయవాద వృత్తిలో సామాజిక మాధ్యమాల వినియోగం

లింక్డ్‌ఇన్ వంటి వృత్తిపరమైన సామాజిక మాధ్యమాలు అనేక దేశాలలో న్యాయవాదులు కక్షిదారులకు పరిచయమయ్యే మార్గాలలో ఒకటి. అమెరికా, ఇంగ్లాండు దేశాలలో న్యాయవాదులు తమ సేవలను గురించి ప్రకటనలు ఇచ్చుకొనవచ్చును. భారతదేశంలో మాత్రం న్యాయవాది ప్రకటనలు ఇవ్వడం, పని కోసం అభ్యర్థించడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషిద్ధము. కనుక ఇక్కడ ఈ మాధ్యమం న్యాయవాది తన వివరాలు తెలియజేయడానికే గాని, కేసులు అడగడానికి కాదు.

నేపథ్యం

లింక్డ్‌ఇన్ 2002 డిసెంబరులో స్థాపించబడి, 2003 మే 5న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని కొనుగోలు చేసినది. సభ్యులు తమ చదువు, ఉద్యోగానుభవం మొదలైన వివరాలతో ప్రొఫైల్ ఏర్పరచుకొని, ఇతర సభ్యులతో పరిచయాలు పెంచుకొంటారు. వ్యాసాలు వ్రాయుట, సందేశాలు పంపుట, రుసుము చెల్లించి ప్రకటనలు ఇచ్చుట కూడా ఇందులో సాధ్యమే. సంస్థల యజమానులు, కంపెనీల న్యాయవిభాగాల అధికారులు ఇందులో సభ్యులుగా ఉండుట వలన వాణిజ్య, పన్ను, మేధోసంపత్తి వ్యవహారాలు చూసే న్యాయవాదులకు ఇది ఉపయోగకరము.

భారతదేశంలో నియమాలు

న్యాయవాదుల చట్టం, 1961లోని 49వ సెక్షను క్రింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వృత్తి ప్రవర్తనా నియమాలను రూపొందించినది. వీటిలోని 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని పనిని అభ్యర్థించరాదు. కరపత్రాలు, ప్రకటనలు, దళారులు, వ్యక్తిగత సందేశాలు ఈ నిషేధంలోనికి వస్తాయి. తాను వాదిస్తున్న కేసులకు సంబంధించి పత్రికలలో వ్యాఖ్యలు వేయించుకొనుట, ఛాయాచిత్రాలు ప్రచురింపజేసుకొనుట కూడా నిషిద్ధమే. నామఫలకం తగుమాత్రపు పరిమాణంలో ఉండాలి. దానిపై ఫలానా రకపు కేసులలో నిపుణుడనని గాని, పూర్వం న్యాయమూర్తిగా పనిచేశానని గాని వ్రాసుకొనరాదు.

2008లో ఈ నియమానికి ఒక మినహాయింపు చేర్చబడినది. దీని ప్రకారం న్యాయవాది వెబ్‌సైటులో ఈ క్రింది వివరాలు ఇవ్వవచ్చును:

* పేరు, చిరునామా, ఫోను నంబరు, ఈ-మెయిలు
* నమోదు సంఖ్య, నమోదైన తేదీ, నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్, సభ్యత్వం గల న్యాయవాదుల సంఘం
* విద్యార్హతలు, వృత్తిపరమైన అర్హతలు
* వృత్తి చేయుచున్న రంగాలు

ఈ వివరాలు సత్యమైనవని ధ్రువీకరణ కూడా ఇవ్వాలి.

సామాజిక మాధ్యమాలకు అన్వయం

36వ నియమంలో లింక్డ్‌ఇన్ పేరు లేదు. అయితే పరోక్ష అభ్యర్థన కూడా నిషిద్ధమే కనుక, మాధ్యమం మారినంత మాత్రాన నిషేధం తొలగిపోదు. 2008 జాబితాలోని వివరాలకు పరిమితమైన ప్రొఫైల్ పరిచయం మాత్రమే. సివిల్ కేసులు చూస్తానని చెప్పుట వృత్తి రంగాన్ని తెలుపుట. నగరంలో తానే ఉత్తమ సివిల్ న్యాయవాదినని చెప్పుకొనుట ప్రచారం. కొత్త చట్టాన్ని సామాన్యులకు వివరించే వ్యాసం వ్రాయుట, దాని చివర కేసు తనకే అప్పగించమని కోరుట ఒకటి కావు. కష్టంలో ఉన్న అపరిచితునికి కేసు తీసుకొంటానని సందేశం పంపుట నియమంలో చెప్పిన వ్యక్తిగత సందేశమే అవుతుంది.

కక్షిదారుల రహస్యాలను కాపాడుట మరొక ముఖ్యమైన బాధ్యత. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 132వ సెక్షను ప్రకారం కక్షిదారు తన న్యాయవాదికి వృత్తిరీత్యా తెలిపిన విషయాలను అతని సమ్మతి లేకుండా వెల్లడించరాదు. గెలిచిన కేసును గురించి గొప్పగా వ్రాసుకొనే న్యాయవాది ఈ హద్దును కూడా దాటే ప్రమాదమున్నది.

న్యాయస్థానాల తీర్పులు

బొంబాయిలో కొందరు న్యాయవాదులు మేజిస్ట్రేటు కోర్టు ద్వారం వద్ద నిలబడి, వచ్చిన కక్షిదారులను చుట్టుముట్టి కేసుల కోసం పెనుగులాడిన ఉదంతంపై సుప్రీంకోర్టు 1975లో దభోల్కర్ కేసులో తీర్పు ఇచ్చినది. ఇటువంటి అభ్యర్థన వృత్తి దుష్ప్రవర్తనయే అని, న్యాయవాదం వ్యాపారం కాదని స్పష్టం చేసినది.

2024 జూలై 3న మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్ వేదికల ద్వారా పని కోరుకొనే న్యాయవాదులపై క్రమశిక్షణ చర్యలు తీసుకొనునట్లు రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఆదేశాలు పంపవలసినదిగా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను ఆదేశించినది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సామాజిక మాధ్యమాలలో న్యాయవాదుల ప్రచారాన్ని, సినిమా నటులతో చేయించే ప్రచారాన్ని ఖండిస్తూ ప్రకటన విడుదల చేసినది.

ఫిర్యాదులు, శిక్షలు

ఫిర్యాదులను న్యాయవాది నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు చేయవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు బార్ కౌన్సిళ్లు ఉన్నాయి. క్రమశిక్షణ సంఘం విచారణలో తప్పు ఋజువైనచో 35వ సెక్షను ప్రకారం మందలించవచ్చును, కొంతకాలం వృత్తి నుండి సస్పెండు చేయవచ్చును లేదా న్యాయవాదుల జాబితా నుండి పేరు తొలగించవచ్చును. దీనిపై బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆపైన సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకొనవచ్చును.

ఇతర దేశాలలో

అమెరికన్ బార్ అసోసియేషన్ 1908 నాటి నీతి నియమాలు ప్రకటనలను నిషేధించినవి. అరిజోనా రాష్ట్రంలోని ఇద్దరు న్యాయవాదులు తమ రుసుములను పత్రికలో ప్రకటించగా తలెత్తిన బేట్స్ కేసులో, 1977లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో అటువంటి ప్రకటనలకు వాక్‌స్వాతంత్ర్య రక్షణ ఉన్నదని తీర్పు చెప్పినది. కాని మరుసటి సంవత్సరమే ఓరాలిక్ కేసులో, ప్రమాదంలో గాయపడినవారి వద్దకు స్వయంగా వెళ్లి కేసు అడగడాన్ని రాష్ట్రాలు నిషేధించవచ్చునని పేర్కొన్నది. ఇంగ్లాండులో సొలిసిటర్లకు 1984లో ప్రకటనల అనుమతి లభించినది.

వాదోపవాదాలు

ఆపదలో ఉన్నవాని నిస్సహాయతను సొమ్ము చేసుకొనకుండా నిషేధం కాపాడుతుందని, ప్రచారానికి ధనం ఉన్నవారిదే పైచేయి కాకుండా చూస్తుందని సమర్థించేవారు అంటారు. పేరున్న కుటుంబాల వారికి, సీనియర్లకు ప్రచారం లేకుండానే కేసులు వస్తాయని, కొత్తగా వృత్తిలో చేరినవారే నష్టపోతారని విమర్శకులు అంటారు. న్యాయవాదిని గురించి తెలుసుకొనే మార్గం లేని కక్షిదారు చివరకు కోర్టు ఆవరణలోని దళారి మాటనే నమ్మవలసి వస్తుందనేది మరొక విమర్శ. న్యాయవాదుల (సవరణ) చట్టం, 2023 ద్వారా దళారులపై నిబంధనలు న్యాయవాదుల చట్టంలోనే చేర్చబడినవి. దళారుల జాబితాలో పేరు ఉండగా ఆ పని చేసినవారికి మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

ఇవి కూడా చూడండి

* బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా
* న్యాయవాది
* లింక్డ్‌ఇన్