పాణిని – బాకస్: ఒక చిన్న ఉత్తరం కథ

తరగతి గదిలో నేను చాలా ఏళ్ళు ఒక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పలేదు. సంధుల పాఠం మొదలుపెట్టిన రోజున పిల్లల ముఖాలు వాడిపోవడం చూడగానే, "ఒరే, మీరు చిన్నచూపు చూసే ఈ వ్యాకరణమే రేపు కంప్యూటర్లను నడపబోతోంది. కంప్యూటరుకు సంస్కృతాన్ని మించిన భాష లేదని అమెరికాలోని నాసా సంస్థే ప్రకటించింది" అనేవాణ్ణి. వెనక బెంచీల వాళ్ళు సైతం తలలెత్తేవారు. ఏదో పత్రికలో చదివిన మాట అది. పాఠాంతరాలు చూడకుండా పద్యం అప్పజెప్పరాదని పిల్లలను మందలించే నేను, ఈ మాటకు మూలమేమిటని ఒక్కనాడూ వెదకలేదు.

పదవీ విరమణ చేశాక ఒక పాత శిష్యుడు ఇంటికి వచ్చాడు. కంపైలర్లు నిర్మించడం అతని వృత్తి; అంటే మనిషి వ్రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే సంకేతాలలోకి మార్చే అనువాదకులను తయారుచేయడం. మాటల్లో నా పాత వాక్యం అలవాటుగా దొర్లింది. అతడు కాసేపు మొహమాటపడి, "మాస్టారూ, మరోలా అనుకోకండి. ఆ నాసా మాట నిజం కాదండీ. కానీ పాణిని పేరు మా శాస్త్రంలో ఒకచోట నిజంగానే ఉంది. అది మాత్రం మీరెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. సిగ్గుపడ్డాను. ఆపైన కొన్ని నెలలు అతడు పంపిన వ్యాసాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఈ టపా ఆ చదువు ఫలితం.

ముందు నాసా సంగతి తేల్చేస్తాను. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 'ఏఐ మ్యాగజైన్' అనే పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. అతడు పనిచేసిన చోటు నాసా వారి ఏమ్స్ కేంద్రం. మన వైయాకరణులు శాబ్దబోధలో వాక్యాన్ని విడదీసే తీరు, అంటే క్రియను నడుమ నిలిపి కర్తృ కర్మాదులను దానికి ముడివేసే తీరు, కృత్రిమ మేధ పరిశోధకులు అర్థాన్ని యంత్రంలో నమోదు చేయడానికి గీసుకునే వలలను పోలి ఉన్నదని అతని వాదం. ఒక సహజ భాష కృత్రిమ భాషగా కూడా పనికిరాగలదనడానికి సంస్కృతాన్ని ఉదాహరణగా చూపాడు. అంతే. సంస్కృతంలో ప్రోగ్రాములు వ్రాయమని అతడనలేదు. నాసా ఏమీ ప్రకటించలేదు. ఒక ఉద్యోగి వ్యాసం మన చేతికి వచ్చేసరికి ఒక సంస్థ తీర్పుగా మారిపోయింది.

ఇక అసలు కథకు ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే భాషను వాడుకలోకి తెచ్చింది. బీజగణితం వంటి రూపంలో సూత్రాలు వ్రాస్తే యంత్రమే వాటిని తన సంకేతాలలోకి మార్చుకుంటుంది. కానీ అది ఒక సంస్థ సొత్తు. ఏ యంత్రానికీ కట్టుబడని ఉమ్మడి భాష కావాలని 1958లో ఐరోపా నుంచి నలుగురు, అమెరికా నుంచి నలుగురు స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో సమావేశమయ్యారు. దశాంశానికి అమెరికా వారు చుక్క పెడతారు, ఐరోపా వారు కామా పెడతారు. ఆ చుక్క దగ్గరే ఒకరు బల్ల గుద్దారని చెబుతారు. అరసున్న ఉంచాలా తీయాలా అని మన పెద్దలు తగవులాడుకున్న సంగతి గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను. అచ్చులో ఎవరికి నచ్చిన గుర్తు వారు వాడుకోవచ్చు, లోపలి భాష మాత్రం ఒక్కటే అని రాజీ కుదిరింది.

ఆ భాషను వర్ణించే పని దగ్గర చిక్కు వచ్చింది. మామూలు ఇంగ్లీషు వాక్యాలతో నియమాలు చెబితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అన్వయించుకుంటారు. 1959లో పారిస్‌లో యునెస్కో నిర్వహించిన సదస్సుకు బాకస్ సమర్పించిన పత్రంలో ఒక కొత్త సంకేత పద్ధతి ఉంది. ఎమిల్ పోస్ట్ అనే తార్కికుని భావాలు తనకు ఆధారమని అతడు తర్వాత చెప్పుకున్నాడు. ఆ పద్ధతిని మన మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

<అంకె> ::= 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9
<పూర్ణాంకం> ::= <అంకె> | <పూర్ణాంకం> <అంకె>

నిలువు గీతకు 'లేదా' అని అర్థం. రెండవ సూత్రం చూసి నేను ఉలిక్కిపడ్డాను. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతోనే నిర్వచిస్తే తర్కశాస్త్రంలో ఆత్మాశ్రయ దోషం అంటాం. ఇక్కడ దోషం లేదు. 1 అంకె కనుక పూర్ణాంకం. దాని పక్కన 9 చేరి 19 పూర్ణాంకం. మళ్ళీ 196, మళ్ళీ 1967. మొదటి మెట్టు విడిగా ఉన్నది కాబట్టి నిచ్చెన నిలబడింది. రెండు పంక్తులతో అంతులేనన్ని సంఖ్యలు!

ఆ సదస్సులో ఈ పత్రం సంగతి పట్టించుకున్నవారు తక్కువ. కోపెన్‌హాగెన్‌లో ఉన్న పీటర్ నౌర్ పట్టించుకున్నాడు. ఇతడు మొదట ఖగోళ శాస్త్రవేత్త. బాకస్ గుర్తులను కాస్త మార్చి, నియమాల పేర్లుగా అర్థవంతమైన మాటలు పెట్టి, 1960 జనవరిలో పారిస్‌లో జరిగిన సమావేశానికి ఒక ముసాయిదా తయారుచేసుకుని వచ్చాడు. పదముగ్గురు కూర్చుని దానిమీద వాదించుకున్నారు. పదునాలుగవవాడు కావలసిన విలియం టురాన్‌స్కీ సమావేశానికి కొద్దిముందే కారు ఢీకొని మరణించాడు. నివేదికను అతనికే అంకితమిచ్చారు. అదే సంవత్సరం మే నెలలో వెలువడిన ఆ ఆల్గాల్ 60 నివేదిక పదహారు పేజీలు మాత్రమే.

సమావేశం ముగిశాక జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వాన్ వైన్‌గార్డెన్, డైక్‌స్ట్రా నౌర్‌కు ఫోను చేసి, ఒక్క వాక్యం చేర్చమన్నారు. ఒక ప్రక్రియ శరీరంలో దాని పేరే మళ్ళీ కనబడితే దానినే మళ్ళీ నడపమని భావం. పూర్ణాంకం సూత్రం తనను తాను పిలుచుకున్నట్టే ప్రోగ్రాము కూడా తనను తాను పిలుచుకోవచ్చునన్నమాట. నౌర్‌కు ఆ సూచన నచ్చింది, చేర్చేశాడు. సభ్యులలో ఒకడైన బావర్ దీనిని ఆమ్‌స్టర్‌డామ్ కుట్రగా తర్వాత్తర్వాత కూడా చెప్పుకున్నాడు. ఫోనులో చెప్పిన ఒక వార్తికం!

ఆ సంకేత పద్ధతికి పేరేమిటి? కొందరు 'బాకస్ నార్మల్ ఫామ్' అన్నారు. 1964లో డొనాల్డ్ క్నూత్, నౌర్ చేసిన కృషి కూడా తక్కువది కాదు కనుక 'బాకస్ నౌర్ ఫామ్' అనాలని 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' పత్రికకు వ్రాశాడు. అదే పత్రికలో 1967 మార్చిలో పీటర్ ఇంగర్‌మన్ ఉత్తరం వచ్చింది. క్రీస్తు పూర్వమే భారతదేశంలో పాణిని అనే పండితుడు ఇటువంటి పద్ధతినే కనిపెట్టాడు, అతడే ముందటివాడు, కాబట్టి దీనిని 'పాణిని-బాకస్ ఫామ్' అనడం న్యాయమని దాని సారాంశం. ఇద్దరూ ఎవరికి వారు స్వతంత్రంగా కనిపెట్టారనే అతడు స్పష్టంగా అన్నాడు. ఆ 'స్వతంత్రంగా' అన్న మాటనే మనవాళ్ళు మింగేశారు. బాకస్ అష్టాధ్యాయి చదివి ఇది వ్రాయలేదు.

మరి పోలిక ఎంతవరకు నిజం? ఇక్కడ నా సొంత అభిప్రాయం చెబుతాను. ఇంగర్‌మన్ రెండు పద్ధతుల శక్తీ సమానమే అన్నాడు, అది సరికాదు. అష్టాధ్యాయిలో సుమారు నాలుగు వేల సూత్రాలున్నాయి. అందులో ఆదేశ సూత్రం నడక వేరు. షష్ఠిలో ఉన్నది తొలగేది, ప్రథమలో ఉన్నది దాని స్థానంలో వచ్చేది, సప్తమిలో ఉన్నది పరంగా ఉండవలసినది. మన యణాదేశ సంధి చూడండి: 'అతి' చివరి ఇకారం యకారమై 'అత్యంతము' అవుతుంది. అది ఎప్పుడంటే పక్కన వేరే అచ్చు ఉన్నప్పుడే. బాకస్ సూత్రానికి ఈ 'పక్కన ఉన్నప్పుడు' అనే షరతు లేదు. పూర్ణాంకం ఎక్కడున్నా పూర్ణాంకమే. సూత్రాల వరుస మారినా బాకస్‌కు ఇబ్బంది లేదు. పాణినికి అనువృత్తి తెగి అంతా కూలుతుంది.

అసలు చుట్టరికం మరొకచోట ఉంది. భాషను గురించి మాట్లాడటానికి మరొక భాష కావాలని ఇద్దరికీ తోచింది. వ్యాకరణంలో 'అగ్ని' అంటే నిప్పు కాదు, ఆ శబ్దమే. సంజ్ఞలు మాత్రమే తాము సూచించే వర్గాన్ని తెలుపుతాయి. ఆల్గాల్ నివేదికలో విడిగా ఉన్న గుర్తు తనను తానే తెలుపుతుంది. కోణాల మధ్య ఉన్న పేరు మాత్రం ఒక వర్గాన్ని తెలుపుతుంది. ఇంత సూక్ష్మమైన జాగ్రత్త ఇద్దరికీ కలగడం నాకు నాసా కథ కన్నా వెయ్యి రెట్లు ఆశ్చర్యం. మనం రోజూ అనే అచ్చులు, హల్లులు పాణిని కుదించిన 'అచ్', 'హల్' అనే సంజ్ఞలే కదా. తెలుగు పిల్లవాడు ఒకటో తరగతిలోనే ఆ సంకేత భాషలో రెండు మాటలు నేర్చేస్తాడు.

ఇంత చేసినా సందిగ్ధం పూర్తిగా పోలేదు. "వాన కురిస్తే, గొడుగుంటే బయటికి వెళ్ళు, లేకపోతే ఇంట్లో ఉండు" అంటే, ఆ 'లేకపోతే' వానకా, గొడుగుకా? ఆల్గాల్ 60లో సరిగ్గా ఈ అన్వయ క్లేశమే మిగిలింది. 1966లో కూడా దానికి తుది పరిష్కారం అంటూ ఒక వ్యాసం వెలువడింది. పాణిని దగ్గరా రెండు సూత్రాలు ఒకేచోట తలపడితే ఏది నెగ్గాలన్న చర్చ తెగలేదు. 2022లో కేంబ్రిడ్జిలో ఋషి రాజ్‌పోపట్ ఆ పరిభాషకు కొత్త అర్థం చెబితే, పండితులు కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఖండించారు.

పదాల కూర్పుకు ఇంత చేసిన బాకస్, వాటి అర్థానికి కూడా ఇలాంటి నియమాలు మరో పత్రంలో ఇస్తానని 1959లోనే మాట ఇచ్చాడు. ఆ పత్రం రాలేదు. 1960 నివేదికలోనూ అర్థం మామూలు ఇంగ్లీషులోనే ఉంది. ఆ లోటు తీర్చడానికి హోర్, స్ట్రేచీ, స్కాట్ వంటివారు పడిన పాట్లు మరొక టపాకు సరిపడా ఉన్నాయి. నాకింకా పూర్తిగా మింగుడుపడలేదు.

ఇంగర్‌మన్ సూచించిన పేరు నిలవలేదు. పాఠ్యపుస్తకాలలో క్నూత్ చెప్పిన పేరే స్థిరపడింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆనాటి నాసా వాక్యాన్ని కొట్టివేసి, దాని పక్కన ఈ ఉత్తరం సంగతి వ్రాసుకోగోరుతాను. శాస్త్రం తెలిసిన మిత్రులు నా వివరణలో దోషాలుంటే నిర్మొహమాటంగా చెప్పండి.