ధర్మపుస్తక భాండాగారం నుండి శాఖా గ్రంథాలయం దాకా: నూజివీడు మామిడిసీమ నేపథ్యంలో ఉచిత గ్రంథాలయ కార్యక్రమాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం పుస్తకాలను సమకూర్చడంతో ఆగక పత్రికాపఠనం, రాత్రిబడి, ఉపన్యాసం, హరికథ వంటి కార్యక్రమాలను రుసుము లేకుండా నిర్వహించింది. ఆ బాధ్యత చట్టబద్ధమైన జిల్లా గ్రంథాలయ సంస్థల చేతికి వచ్చాక ‘ఉచితం’ అన్న భావన ఎట్లా మారిందో, పూర్వ కృష్ణా జిల్లాలోని నూజివీడు మామిడిసీమను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గ్రంథాలయం పెట్టుకున్న వేళకూ శ్రోతల పనివేళకూ పొంతన ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది అన్నది ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: గ్రంథాలయోద్యమం, ధర్మపుస్తక భాండాగారం, నూజివీడు, గ్రంథాలయ సెస్సు, గ్రంథాలయ వారోత్సవాలు, వయోజన విద్య.

1. ‘ధర్మ’ అనే మాట

బెజవాడలో 1911లో ఏర్పడిన రామమోహన గ్రంథాలయం తొలినాళ్లలో ‘రామమోహన ధర్మపుస్తక భాండాగారం’గా వ్యవహారంలో ఉండేది. ఇందులోని ‘ధర్మ’ శబ్దాన్ని నేటి పాఠకుడు మతగ్రంథాలకు సంబంధించిన విశేషణంగా భావించే అవకాశం ఉంది. పక్కనే రాజా రామమోహన రాయ్ పేరు ఉండడం ఆ భ్రమకు మరింత తావిస్తుంది. నిజానికి ఇది ధర్మసత్రం, ధర్మాసుపత్రి అనే మాటల్లోని ‘ధర్మ’. డబ్బు తీసుకోకుండా అందరికీ తెరిచి ఉంచిన చోటు అని దాని అర్థం. ‘ఉచిత’ అన్న సంస్కృత పదానికి తగినది, యుక్తమైనది అన్న అర్థమే మూలం. వెల లేనిది అనే అర్థం తెలుగు వాడుకలో స్థిరపడినది.

ఈ పదచర్చ కేవలం నిఘంటు విషయం కాదు. సత్రంలో భోజనం చేసిన బాటసారికి కృతజ్ఞత ఉంటుంది, అధికారం ఉండదు. పెట్టేవాడు ఆపేస్తే అడగడానికి వీలులేదు. ‘ధర్మపుస్తక భాండాగారం’ అన్న పేరులో దాత ఔదార్యం, గ్రహీత వినయం రెండూ ఇమిడి ఉన్నాయి. జమీందారీ సీమలో ఈ భావన మరీ సహజం. నూజివీడు జమీందార్లు మేకా వంశీయులైన అప్పారావులు. విద్యకు వారిచ్చిన ఆదరణకు గుర్తుగా, విజయవాడలో 1937లో ఏర్పడిన ఎస్.ఆర్.ఆర్. కళాశాల పేరులో నేటికీ శ్రీ రాజా రంగయ్యప్పారావు పేరు వినిపిస్తుంది. (నూజివీడులోని ధర్మ అప్పారావు కళాశాల పేరులో ఉన్న ‘ధర్మ’ మాత్రం వ్యక్తినామంలో భాగం. దానిని ఈ చర్చలోకి లాగకూడదు.) నూజివీడు వీణల తయారీకి పేరుపొందిన ఊరు కూడా. వీణ, పండితుడు, పాఠశాల అన్నీ దాత చల్లని చూపు మీద ఆధారపడిన వ్యవస్థలో పుస్తకం ధర్మవస్తువు కావడంలో ఆశ్చర్యం లేదు.

2. చెవితో చదివిన కాలం

1914 ఏప్రిల్ 10న బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఆతిథ్యంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభ ఫలితం. దాని వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి అయ్యంకి వెంకటరమణయ్య (1890-1979). సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుండి చూపు మందగించి, తరువాతి కాలంలో పూర్తిగా చూపు కోల్పోయిన రచయిత ఆయన. ఇతరులు చదివి వినిపించగా విని, తాను చెప్పి ఇతరుల చేత రాయించిన వ్యక్తి పుస్తకశాలల తొలి మహాసభకు అధ్యక్షుడు కావడం యాదృచ్ఛికమే. అయినా ఆనాటి గ్రంథాలయ స్వభావానికి అంతకన్నా సరిపోయే అధ్యక్షుడు దొరకడం కష్టం.

కారణం స్పష్టం. 1911 జనగణన ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులు నూటికి సుమారు ఆరుగురు. పుస్తకాలను బీరువాలో పెట్టి తలుపు తెరిచి కూర్చుంటే ఆ గ్రంథాలయం ఆరుగురికే పరిమితమవుతుంది. మిగిలిన తొంభైనలుగురికి గ్రంథాలయం అందాలంటే వారికి కనులుగా మరొకరు ఉండాలి. అందువల్ల ఉద్యమం పఠనాన్ని సభాకార్యంగా మార్చింది. బందరులో 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక గ్రామానికి ఒక్క ప్రతి వచ్చినా చాలు. ఒకరు చదివితే అరుగు నిండా జనం వినేవారు. పురాణ కాలక్షేపానికి అలవాటుపడిన శ్రోతకు పత్రికా కాలక్షేపం కొత్తగా తోచలేదు. హరికథ, బుర్రకథ, దీపపు వెలుగులో రాత్రిబడి, కార్యకర్తలు ఊరూరా తిరిగిన గ్రంథాలయ యాత్ర, ఇవన్నీ ఈ క్రమంలోనివే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ ఒకే పనిగా చూడడానికి నేపథ్యం ఇదే.

ఇక్కడ గమనించదగిన అంశం వేళ. రాత్రిబడి రాత్రి ఎందుకు నడిచింది అని ఎవరూ అడగరు. జవాబు మరీ సులువుగా ఉండడం వల్ల దాని విలువ కూడా మరుగునపడుతుంది. పగలు పనిచేసేవాడికి మిగిలిన సమయం అదొక్కటే. కార్యక్రమానికి రుసుము లేకపోయినా, కూలి మానుకొని రావలసివస్తే అది ఉచితం కాదు. ఒక రోజు కూలి దాని వెల. తొలితరం కార్యకర్తలు ఈ లెక్కను సిద్ధాంతంగా రాసుకోకపోయినా, తమ సమయాన్ని శ్రోత సమయానికి లోబరచి ఆచరణలో పాటించారు. ‘ధర్మ’ శబ్దానికి నిజమైన బరువు ఇచ్చింది దాతల విరాళం కన్నా ఈ లోబాటే అనవచ్చు.

ఆ ధర్మానికి హద్దులు లేవని కూడా చెప్పలేము. గ్రంథాలయం ఆలయ మండపంలోనో పెద్దల చావడిలోనో నడిచినచోట, ఆ గడప ఎక్కే వీలులేనివారికి రుసుము లేకపోవడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఉద్యమచరిత్రలు ఈ విషయాన్ని తగినంతగా పట్టించుకోలేదు.

3. కాలువ గట్టు, మెట్ట సీమ

గ్రంథాలయోద్యమ చరిత్రలో తరచుగా వినిపించే ఊళ్లను పటం మీద గుర్తిస్తే వాటిలో చాలా భాగం కాలువల వెంట, రైలు మార్గాల వెంట కనిపిస్తాయి. బెజవాడ, రాజమహేంద్రవరం, భీమవరం దగ్గరి కుముదవల్లి, వేటపాలెం ఇటువంటివే. ఈ పరిస్థితికి అత్యంత చక్కని ఉదాహరణ పడవ గ్రంథాలయం. 1935లో పెదపాలెంలోని సేవాశ్రమ వాణీమందిరం, పాతూరి నాగభూషణం పూనికతో, పుస్తకాలను పడవకెక్కించింది. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ప్రయాణించే ఆ పడవ గట్టు మీది గ్రామాలకు పుస్తకం అందించింది. పడవ ప్రయాణం నెమ్మదైనది. ప్రయాణికుడికి చేయడానికి పనేమీ ఉండదు. శ్రోతకు తీరిక ఎక్కడ ఉందో వెతికి అక్కడికే పుస్తకాన్ని పంపడం ఈ ప్రయోగంలోని తెలివి. దీనికి నాలుగేళ్ల ముందు, 1931లో, తంజావూరు జిల్లా మన్నార్‌గుడిలో ఎద్దుబండి మీద గ్రంథాలయం బయలుదేరింది. అంతకు ముందే బరోడా సంస్థానం పుస్తకాల పెట్టెలను పల్లెలకు పంపే పద్ధతిని అమలుచేసింది. సంస్థానాధీశుడి ఖజానాతో నడిచిన బరోడా పద్ధతికీ, చందాలతో నడిచిన పెదపాలెం పడవకూ వనరుల్లో పోలికే లేదు.

నూజివీడు ఈ పటానికి అంచున ఉంటుంది. కృష్ణా డెల్టాకు ఎగువన, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు విస్తరించిన మెట్ట భూమి ఇది. డెల్టా కాలువ ఈ భూములకు ఎక్కదు. రైలు సంగతి మరీ విచిత్రం: నూజివీడు పేరుతో ఉన్న రైల్వేస్టేషను ఊరికి దూరాన, హనుమాన్ జంక్షన్ చెంత ఉంటుంది. కాలువ లేదు, పడవ లేదు, స్టేషను పేరుకే తనది. ఈ సీమ జీవనక్రమాన్ని నిర్ణయించేది మామిడి. పుష్య మాసపు చలిలో పూత, ఫాల్గుణ చైత్రాల్లో పిందె, తరువాత కోత. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు అనే తోతాపురి ఒకదాని వెనుక ఒకటి చేతికొస్తాయి. తోటను పూతకు ముందే గుత్తకు తీసుకున్న వ్యాపారికి ఏప్రిల్ నుండి జూన్ తొలినాళ్ల దాకా ప్రతి రోజూ లెక్కలోదే. ఒక్క గాలివాన ఏడాది లెక్కను తలకిందులు చేయగలదు. చిక్కంతో కాయ కోసేవారు, ఏరి గ్రేడు చేసేవారు, గడ్డి పరిచి గంపలకూ పెట్టెలకూ ఎత్తేవారు, తోటలోనే పాక వేసుకొని కాపలా కాసే కుటుంబాలు, నున్న మార్కెట్టుకు లారీ తోలేవారు, వీరందరికీ వేసవి సెలవుల కాలం కాదు. పనికి అదే అసలు కాలం.

4. 1948: రెండు చట్టాలు

మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి రెండు చట్టాలను సాధారణంగా ఒకే వ్యాసంలో చర్చించరు. ఒకటి ఎస్టేట్ల రద్దు చట్టం, రెండవది పౌర గ్రంథాలయాల చట్టం. మొదటిది చరిత్రకారుల విషయం, రెండవది గ్రంథాలయ శాస్త్రజ్ఞుల విషయం. నూజివీడు వంటి జమీందారీ ఊరి నుండి చూసినప్పుడు ఈ రెండూ ఒకే మార్పుకు రెండు ముఖాలుగా కనిపిస్తాయి. ధర్మం చేసే జమీందారు హోదాను ఒక చట్టం తొలగించింది. ఆ ధర్మం స్థానంలో పన్నును మరొక చట్టం ప్రవేశపెట్టింది. ఇంటిపన్నులో రూపాయికి ఆరు పైల చొప్పున గ్రంథాలయ సెస్సు విధించే వీలు 1948 చట్టం కల్పించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960 నాటి చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థల వ్యవస్థను స్థిరపరచింది. ప్రస్తుతం సెస్సు రూపాయికి ఎనిమిది పైసలు.

పౌరుడు ఇంటిపన్నుతో పాటు సెస్సు కట్టినప్పుడే గ్రంథాలయం అతనికి హక్కు అయింది. సత్రపు బాటసారి ఇంటి యజమాని అయినట్లే. అయితే వాడుక భాషలో ‘ఉచితం’ అన్న మాట మాత్రం నిలిచిపోయింది. వారోత్సవాల కరపత్రంలో ‘ప్రవేశం ఉచితం’ అని అచ్చువేయడం వల్ల, ముందే చెల్లించిన దానిని మళ్లీ దానంగా చూపినట్లవుతుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా పర్యవసానం పెద్దది. దానం అనుకున్నవాడు కార్యక్రమం వేళ తనకు కుదరకపోతే ఊరుకుంటాడు. హక్కు అనుకున్నవాడు వేళ మార్చమని అడుగుతాడు. స్థానిక సంస్థలు వసూలుచేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం దశాబ్దాలుగా వినిపిస్తున్న ఫిర్యాదు. దానిపై పాఠకుల నుండి ఒత్తిడి ఎన్నడూ బలంగా రాకపోవడానికి ఈ భావనాలోపం కూడా కారణం కావచ్చు.

ఇదే కాలంలో తెలంగాణలో పరిస్థితి వేరు. నిజాం పాలనలో సభలకు ముందస్తు అనుమతి కావలసిరావడంతో గ్రంథాలయమే సభాస్థలి అయింది. అక్కడ కార్యక్రమం పుస్తకాన్ని ఆశ్రయించి బతికింది. 1948 తరువాత ఆంధ్ర ప్రాంతంలో జరిగినది దీనికి విలోమం: పుస్తకానికి భవనం, బడ్జెట్, ఉద్యోగి సమకూరాయి. కార్యక్రమం మాత్రం పంచాంగంలోని కొన్ని తేదీలకు సర్దుకుంది.

5. నవంబరు వారోత్సవం, వేసవి శిబిరం

1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి పూనికతో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ తేదీని పురస్కరించుకొని 1968 నుండి నవంబరు 14-20 తేదీల్లో జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. పుస్తక ప్రదర్శన, పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ, చిత్రలేఖన పోటీలు, మహిళలకు ముగ్గుల పోటీలు, కవిసమ్మేళనం, చివరి రోజు బహుమతులు, ఈ వరుస శాఖా గ్రంథాలయాలన్నింటికీ పరిచితమే. ఆ వారం మామిడిసీమకు అనుకోకుండా కుదిరింది. కార్తీక మాసంలో చెట్టు విశ్రాంతిలో ఉంటుంది. పూత ఇంకా రాలేదు, తోటలో పని పలచగా ఉంటుంది. అదే సమయంలో డెల్టాలో వరి కోతలు దగ్గరపడతాయి. ఉద్యమం పుట్టిన కాలువ గట్టుకు ఇబ్బందికరమైన తేదీ, ఉద్యమపు అంచున ఉన్న మెట్టకు అనుకూలమైంది.

వేసవి శిబిరాల విషయం ఇందుకు భిన్నం. బడులకు సెలవులు ఇచ్చాక గ్రంథాలయాల్లో పిల్లలకు కథాపఠనం, కథ చెప్పడం, బొమ్మలు గీయడం, ఆంగ్ల సంభాషణ వంటివి నేర్పుతారు. 2020లో పాఠశాల విద్యాశాఖ తెచ్చిన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం ఈ పఠనాభ్యాసానికి మరికొంత ఊపునిచ్చింది. ఉద్దేశం మంచిది, ఖర్చు లేదు. కానీ శాఖా గ్రంథాలయం సాధారణంగా ఉదయం 8 నుండి 11 వరకు, సాయంత్రం 4 నుండి 7 వరకు తెరిచి ఉంటుంది. మామిడి కోత ఎండ ముదరకముందే సాగాలి కనుక ఉదయపు వేళ తోటకు పోతుంది. కాయను ఏరి, ఎత్తి, లారీకి అందించే పని సాయంత్రాన్ని తీసుకుంటుంది. తోట కాపలా కుటుంబపు పిల్లవాడు ఆ రెండు నెలలు ఊరికి దూరంగా పాకలో ఉంటాడు. శిబిరానికి వచ్చేది ఉద్యోగుల, వ్యాపారుల పిల్లలే అయితే తప్పు వారిది కాదు, గ్రంథాలయ పాలకుడిదీ కాదు. రాష్ట్రమంతటికీ ఒకే పంచాంగం వేసిన పద్ధతిది.

అక్షరాస్యత పెరిగింది గనుక చదివి వినిపించడం అనవసరం అన్న వాదన ఒకటి ఉంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. అంటే 1911 నాటి లెక్క తలకిందులైనా, ముగ్గురిలో ఒకరు ఇంకా చెవితోనే చదవాలి. పైగా పఠనమందిరంలో నేడు ఎక్కువగా కనిపించేది పోటీపరీక్షల అభ్యర్థి. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక ఊరి విద్యావాతావరణమే మారింది. ఆ అభ్యర్థికి కావలసినది నిశ్శబ్దం. బిగ్గరగా చదివే కాలక్షేపానికీ నిశ్శబ్దానికీ ఒకే గదిలో చోటు దొరకదు.

2022లో జిల్లాల పునర్విభజనతో నూజివీడు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది. తోటలు, నున్న మార్కెట్టు, కోత నెలలు మారలేదు. శాఖా గ్రంథాలయం లేని గ్రామాల కోసం గ్రంథాలయ వ్యవస్థలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఉన్నాయి. పుస్తకాల పెట్టెను పల్లెలో ఒకచోట ఉంచి, అక్కడివారి చేత నడిపించే ఈ కేంద్రాన్ని ఏప్రిల్ నుండి జూన్ వరకు ఆగిరిపల్లి, ముసునూరు తోటల దారిలోకి తరలించడానికి కొత్త భవనం అవసరం లేదు. కాయ ఎత్తిన లారీ కదిలాక, రాత్రి ఎనిమిది తరువాత గంటసేపు చదివి వినిపించే మనిషి, ఆ మనిషికి ఇచ్చే గౌరవవేతనం, ఒక దీపం కావాలి. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు పద్దు ఆ నెలల్లోనూ ఉంటుంది.