తండ్రుల పాఠానికి మార్కులు ఎవరు వేయాలి

అమెరికాలో 1984 నుంచి 1996 దాకా ఒక లెక్క నడిచింది. విడిగా ఉంటున్న తండ్రి బిడ్డ పోషణకని నెలనెలా డబ్బు కట్టాలి. తల్లి ప్రభుత్వ సాయం మీద బతుకుతుంటే ఆ డబ్బులో మొదటి 50 డాలర్లే ఇంటికి చేరేవి. మిగిలినది, తల్లికిచ్చిన సాయానికి చెల్లుగా సర్కారు జమ చేసుకునేది. తండ్రి రెండు వందలు కట్టినా ఇంటికి యాభయ్యే, మూడు వందలు కట్టినా యాభయ్యే. అదే తండ్రి పాలడబ్బా కొనిచ్చినా, బడి తెరిచే ముందు బూట్లు కొనిచ్చినా, రికార్డులో అది ఎక్కడా ఎక్కదు. అక్కడ అతను బాకీదారు, అంతే.

ముప్ఫై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన నన్ను ఈ 50 డాలర్ల లెక్క పట్టుకుని వదల్లేదు. 2014లో అమ్మాయి కాన్పుకని నేనూ మా ఆవిడా మిన్నియాపొలిస్ వెళ్లాం. ఒక శనివారం అల్లుడు కాబోయే తండ్రుల క్లాసుకు వెళ్లి, సాయంత్రం వచ్చి, సోఫా దిండుకి దుప్పటి చుట్టి బిడ్డను ఎలా పొదవాలో మాకు చూపించాడు. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లో. పురుడు అయ్యాక, ఇరవై ఒకటో రోజు బారసాలకు మగాడు కొత్త బట్టలు కట్టుకుని వస్తాడు. పెద్దల ముందు తన బిడ్డను తను ఎత్తుకోవడం మర్యాద కాదనుకున్న తరం మా నాన్నది. తండ్రికి పాఠం చెప్పాలన్న ఆలోచన ఆ ఇళ్లలో ఎవరికొస్తుంది? "ఈ క్లాసులు పనిచేస్తాయని వీళ్లకెలా తెలుసు?" అని అడిగాను. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేక పాత నివేదికలు తిరగేయడం మొదలుపెట్టాను. ఆ 50 డాలర్ల లెక్క కంటపడింది అక్కడే.

నా చేతికి దొరికినవాటిలో పెద్ద ప్రయోగం 1990ల నాటిది, 'పేరెంట్స్ ఫెయిర్ షేర్'. 1988 నాటి ఫ్యామిలీ సపోర్ట్ చట్టం దానికి దారి తీసింది. డేటన్, గ్రాండ్ ర్యాపిడ్స్, జాక్సన్‌విల్, లాస్ ఏంజెలిస్, మెంఫిస్, స్ప్రింగ్‌ఫీల్డ్, ట్రెంటన్ అని ఏడు చోట్ల నడిపారు. బాకీ పడ్డ తండ్రులను, అందులోనూ పనిలేనివాళ్లను, కోర్టుకు పిలిచేవారు. డబ్బు కట్టు, లేదా ఈ కార్యక్రమంలో చేరు, రెండూ కాదంటే జైలు దాకా పోవచ్చు. చేరినవాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం, బిడ్డ తల్లితో తగువు వస్తే మధ్యవర్తి, తోటి తండ్రులతో కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు. ఆ సమావేశాలే వాళ్లకు అన్నిటికన్నా నచ్చాయి. తమ గోడు వినే చోటు చాలామందికి అదొక్కటే.

1994 నుంచి 1996 దాకా అయిదు వేల మందికి పైగా తండ్రులను, చీటీలు తీసినట్టు, రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కార్యక్రమం, రెండో జట్టుకు మామూలు తంతు. ఈ చీటీలు ఎందుకో క్లాసులో నేను చెరువు కింది మడులతో చెప్పేవాణ్ని. తూము పక్క మడికి ఎరువు వేసి, ఆయకట్టు చివరి మడికి వేయకుండా వదిలేసి, పంట కోశాక ఎరువు గొప్పదంటే రైతెవరూ ఒప్పుకోడు. నీళ్లు ముందే అందే మడి అది. తనంతట తాను తండ్రుల క్లాసుకు వచ్చే మనిషి తూము పక్క మడిలాంటివాడు, క్లాసు లేకపోయినా కొంత మారేవాడేమో. చేరకముందు ఇలా ఉన్నాడు, చేరాక ఇలా అయ్యాడు అని చూపించే లెక్కలను అందుకే నేను నమ్మను. చీటీ ఒక్కటే ఇద్దరినీ ఒకే గట్టున నిలబెడుతుంది.

ఫలితాలు చిన్నవి. మొత్తం మీద ఉద్యోగాలు పెరగలేదు, సంపాదన పెరగలేదు. చదువు, అనుభవం బాగా తక్కువున్న కొందరికి మాత్రం కాస్త పెరిగింది. డబ్బు కట్టేవాళ్లు కొంత ఎక్కువయ్యారు. కానీ నన్ను కదిపింది ఇంకో సంగతి. తండ్రులను విచారణకు పిలిచినప్పుడే కొందరికి ఎవరికీ చెప్పని ఉద్యోగాలున్నాయని బయటపడింది. వాళ్ల దగ్గర వసూళ్లు పెరిగాయి. పాఠం ఒక్కటీ మొదలుకాకుండానే! పొగ పెడితే కలుగులోంచి ఎలుక బయటికొచ్చినట్టు అన్నమాట. వసూలునే కొలిస్తే పాఠం ఏది, సమను ఏది అన్నది ఎలా తేలుతుంది? ఆ కొలత తండ్రిని చూడలేదు, జేబును చూసింది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

2000లలో ఇంకో పెద్ద ప్రయత్నం జరిగింది. పెళ్లి కాకుండా బిడ్డను కన్న, కనబోతున్న అయిదు వేల జంటలను, ఎనిమిది చోట్ల, మళ్లీ చీటీలతో విడదీసి, ఒక జట్టుకు అనుబంధం గురించి పాఠాలు చెప్పారు. మొత్తం మీద ఏమీ మారలేదు. బాల్టిమోర్‌లోనైతే ఏడాది దాటాక చూస్తే పాఠాలు విన్న జంటలే ఎక్కువగా విడిపోయాయి. మంచి చేద్దామని వెళ్లినా కీడు జరగొచ్చు. కొలవకపోయి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు.

కాలిఫోర్నియాలో ఫిలిప్ కోవన్, కెరొలిన్ కోవన్ దంపతులు సహచరులతో కలిసి వేరే దారి పట్టారు. పేద కుటుంబాలు, ఎక్కువమంది మెక్సికో మూలాలున్నవాళ్లు. కొందరు తండ్రులను ఒక్కళ్లనే పదహారు వారాలు కూర్చోబెట్టారు. మరికొందరిని బిడ్డ తల్లితో కలిపి అన్నే వారాలు. ఇంకొందరికి ఒక్క సమావేశంతో సరి. 2009లో అచ్చయిన ఫలితాల్లో రెండు రకాల బృందాల్లోనూ తండ్రులు బిడ్డలకు దగ్గరయ్యారు. జంటగా కూర్చున్నవాళ్లలో మేలు ఇంకాస్త ఎక్కువ, భార్యాభర్తల మధ్య పొత్తు కూడా చెడకుండా నిలిచింది.

తండ్రుల కార్యక్రమాల మీద 2018లో వచ్చిన 'పాక్ట్' నివేదికను నేను రెండుసార్లు చదివాను. అందులోని నాలుగు కార్యక్రమాల్లో రెండు మా అమ్మాయి ఉండే మిన్నియాపొలిస్, పక్కనున్న సెయింట్ పాల్ ప్రాంతంలోవే. 5,522 మంది తండ్రులు, మళ్లీ చీటీలే. ఈసారి ప్రశ్నలు మారాయి. బిడ్డ మారాం చేస్తే ఓపిక పట్టావా? కథ చెప్పావా? అన్నం తినిపించావా? పాఠాలు విన్న తండ్రులు ఈ విషయాల్లో మెరుగయ్యారు, తేడా చిన్నదే అయినా. బిడ్డను కలవడం మాత్రం పెరగలేదు, డబ్బు ఇవ్వడం పెరగలేదు, బిడ్డ తల్లితో సఖ్యత పెరగలేదు. పాతికేళ్లకు కొలత జేబు దాటి ఒడి దాకా వచ్చిందని సంతోషించాను. ఆ వెంటనే ఒక సందేహం. ఓపిక పట్టానని చెప్పింది ఎవరు? ఆ తండ్రే.

దానికి జవాబు రువాండాలో కనిపించింది. అక్కడి కార్యక్రమం పేరు 'బందెబెరెహో', అంటే నలుగురికీ ఆదర్శంగా నిలిచేవాడు. మూలం లాటిన్ అమెరికా దేశాల్లో తయారైన ఒక పాఠ్యక్రమం. నాలుగు జిల్లాల్లో 1,199 జంటలను చీటీలతో విడదీశారు. మగవాళ్లకు పదిహేను సమావేశాలు, వాటిలో ఎనిమిదింటికి భార్యలు కూడా వచ్చారు. కాన్పు, పిల్లల పెంపకం, ఇంటిపని, కోపం, కొట్టడం, అన్నీ మాట్లాడుకున్నారు. కొలిచేటప్పుడు భార్యలను విడిగా అడిగారు: ఈ ఏడాదిలో నీ మీద చెయ్యి చేసుకున్నాడా? కార్యక్రమంలో ఉన్న ఇళ్లలో దెబ్బలు బాగా తగ్గాయని ఆడవాళ్లే చెప్పారు. ఆరేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి అడిగారు. 2023లో అచ్చయిన ఆ ఫలితాల్లోనూ మేలు నిలిచే ఉంది. ఆరేళ్లు నిలిచిన మార్పు నేను చదివినవాటిలో అరుదు.

అది చదివిన రోజు నేను ఒక పని చేశాను. పాక్ట్‌లో అడిగినవాటిలాంటి ప్రశ్నలు పది తెలుగులో రాసి, రెండు కాగితాల మీద దింపాను. మా అమ్మాయి చిన్నప్పటి రోజుల గురించి ఒకటి నేను నింపాను, ఒకటి మా ఆవిడకిచ్చాను. ఒకరిది ఒకరం చూసుకోలేదు. నింపుతుంటే నాకు తడబాటు రాలేదు, అన్నీ బాగా గుర్తున్నాయనే అనుకున్నాను. ఆరో ప్రశ్న, 'పాపను బడికి తీసుకెళ్లేవారా?' నేను 'రోజూ' అని రాశాను. ఆమె కాగితంలో అదే ప్రశ్న ఎదుట ఇలా ఉంది: '1989లో, నా కాలికి కట్టు కట్టిన నెల.'