చిన్న పట్టణాలలో స్థిరపడే విదేశీ కార్మికులకు కెనడా శాశ్వత నివాస మార్గాలు

(నేపథ్య వ్యాసం)

కెనడా విశాలమైన దేశమైనప్పటికీ, అక్కడికి వలస వెళ్లేవారిలో అత్యధికులు కొద్ది నగరాలకే పరిమితమవుతున్నారు. 2016-2021 మధ్య శాశ్వత నివాస హక్కుతో అక్కడ స్థిరపడిన వారిలో 53.4 శాతం మంది టొరంటో, మాంట్రియల్, వాంకూవర్ మహానగర ప్రాంతాలలోనే నివసిస్తున్నట్లు 2021 జనాభా లెక్కలు వెల్లడించాయి. మరోవైపు చిన్న పట్టణాలలో వయోవృద్ధుల నిష్పత్తి పెరిగి, యువత నగరాలకు తరలిపోవడం వల్ల ఆసుపత్రులు, కర్మాగారాలు, నిర్మాణ సంస్థలు సిబ్బంది కొరతను ఎదుర్కొంటున్నాయి. ఈ కొరతను తీర్చే నిమిత్తం కెనడా ప్రభుత్వం చిన్న పట్టణాలకు, గ్రామీణ ప్రాంతాలకు ప్రత్యేక వలస పథకాలను రూపొందించింది.

గ్రామీణ ప్రాంతాల కోసం ఉద్దేశించిన ఈ పథకాలలో అభ్యర్థి ఎంపిక దేశ రాజధానిలో కాక, అతడు పనిచేయబోయే ఊరిలో మొదలవుతుంది. యథార్థమైన ఉద్యోగ ప్రతిపాదన, స్థానిక సంస్థ సిఫారసు లేనిదే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకొనే వీలు లేదు. ఈ రెండూ డబ్బుకు కొనదగినవి కావు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లదలచిన వారికి సలహా ఇచ్చే అధికారులు, ఈ విషయమై వార్తలు రాసే పాత్రికేయులు ముందుగా గమనించవలసిన అంశమిదే.

పథకాల పరిణామం

రాష్ట్రాలు తమ అవసరాలకు తగిన వలసదారులను స్వయంగా ప్రతిపాదించే విధానం కెనడాలో 1998లో ఆరంభమైంది. 2017లో నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌ల్యాండ్-లాబ్రడార్ రాష్ట్రాలకు అట్లాంటిక్ పథకం ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టబడింది. 2022 జనవరి నుంచి అది శాశ్వత పథకమైంది.

2019లో ప్రకటించిన గ్రామీణ, ఉత్తర ప్రాంత వలస ప్రయోగ పథకానికి 11 ప్రాంతాలు ఎంపికయ్యాయి. మహానగరానికి కనీసం 75 కిలోమీటర్ల దూరంలో ఉండి 50 వేలకు మించని జనాభా గల పట్టణాలు, లేదా మారుమూలన ఉండి 2 లక్షల వరకు జనాభా గల పట్టణాలు అందుకు అర్హమైనవి. థండర్ బే, సడ్‌బరీ, టిమ్మిన్స్, బ్రాండన్, మూస్ జా, క్లేర్స్‌హోమ్ వీటిలో కొన్ని. కొత్త దరఖాస్తుల స్వీకరణ 2024 ఆగస్టు 31తో ముగిసింది. కనుక ఆ పథకం పేరిట ఇకపై వెలువడే ప్రకటనలు ఏవైనా నమ్మదగినవి కావు.

దాని స్థానంలో గ్రామీణ సమాజాల వలస ప్రయోగ పథకం 2025 జనవరి 30న ప్రారంభమైంది. ఇందుకు 14 ప్రాంతాలు ఎంపికయ్యాయి. పై ఆరింటితో పాటు నార్త్ బే, సూ సెయింట్ మేరీ, స్టైన్‌బాక్, ఆల్టోనా-రైన్‌ల్యాండ్, వెస్ట్ కూట్నీ, నార్త్ ఒకనాగన్ షుస్వాప్, పీస్ లియార్డ్, పిక్టౌ కౌంటీ ఇందులో చేరాయి. ఫ్రెంచి భాష తెలిసిన వారికోసం అదే సమయంలో ఆరు ప్రాంతాలతో మరొక పథకం ప్రకటించబడింది.

2025 పథకం అమలు విధానం

ప్రతి ప్రాంతంలోను ఒక స్థానిక ఆర్థికాభివృద్ధి సంస్థ పథకాన్ని నిర్వహిస్తుంది. సిబ్బంది కొరత గల రంగాలను, వృత్తులను నిర్ణయించడం, యజమానులకు గుర్తింపునివ్వడం, అభ్యర్థులను సిఫారసు చేయడం ఈ సంస్థ బాధ్యతలు. రంగాలు, వృత్తులు ఊరూరికీ వేరుగా ఉంటాయి. ఒక పట్టణంలో అర్హమైన వృత్తి మరొక పట్టణంలో అర్హం కాకపోవచ్చు.

అభ్యర్థికి ఉండవలసిన ముఖ్య అర్హతలు:

1. గుర్తింపు పొందిన యజమాని నుంచి వారానికి కనీసం 30 గంటల, ఏడాది పొడవునా కొనసాగే శాశ్వత ఉద్యోగ ప్రతిపాదన.

2. స్థానిక ఆర్థికాభివృద్ధి సంస్థ జారీచేసిన సిఫారసు ధ్రువపత్రం.

3. గత మూడేళ్లలో సంబంధిత వృత్తిలో ఒక సంవత్సరం, అనగా 1,560 గంటల అనుభవం. జీతంలేని పని లెక్కకు రాదు. ఆ ప్రాంతపు విద్యాసంస్థలో చదివిన వారికి షరతులకు లోబడి మినహాయింపు ఉంది.

4. వృత్తి స్థాయిని బట్టి కెనడా భాషా ప్రమాణాలలో 4, 5 లేదా 6వ స్థాయి. పరీక్షా ఫలితాలు రెండేళ్లలోపువి కావాలి.

5. కెనడా మాధ్యమిక విద్యకు సమానమైన లేదా అంతకుమించిన విద్యార్హత. విదేశీ పట్టాలకు మదింపు నివేదిక జతపరచాలి.

6. కుటుంబ పోషణకు తగిన నిధులు. అప్పటికే కెనడాలో చట్టబద్ధంగా పనిచేస్తున్నవారికి ఈ నిబంధన వర్తించదు.

7. ఆ ప్రాంతంలోనే నివసించాలనే ఉద్దేశం.

కెనడా రాజ్యాంగ హక్కుల పత్రంలోని 6వ అధికరణం ప్రకారం శాశ్వత నివాసి దేశంలో ఎక్కడైనా నివసించవచ్చు. అయితే దరఖాస్తు సమయంలో లేని ఉద్దేశాన్ని ఉన్నట్లు చూపడం వాస్తవాల వక్రీకరణ అవుతుంది. తప్పుడు సమాచారమిచ్చిన వారికి ఐదేళ్లపాటు ప్రవేశం నిరాకరింపబడుతుంది.

శాశ్వత నివాస దరఖాస్తు పరిశీలనలో ఉండగా పనిచేసుకొనేందుకు తాత్కాలిక అనుమతి లభిస్తుంది. అది పేర్కొన్న యజమాని వద్ద పనికే పరిమితం. కార్మికుని భవిష్యత్తు ఒకే యజమానిపై ఆధారపడే ఈ దశలో దోపిడీకి అవకాశం ఎక్కువ. వేధింపులకు గురైన వారు ఇతర యజమానుల వద్ద పనిచేసే అనుమతి కోరే సదుపాయాన్ని కెనడా 2019 జూన్‌లో కల్పించింది. బయలుదేరే కార్మికులకు ఈ సంగతి తెలియజేయడం అవసరం.

దళారుల విషయంలో జాగ్రత్తలు

ఉద్యోగ ప్రతిపాదనపైనే అంతా ఆధారపడినందున నకిలీ ప్రతిపాదనలు అమ్మే దళారులకు అవకాశం ఏర్పడుతోంది. ఇటువంటి పత్రంతో దరఖాస్తు చేసిన వ్యక్తి డబ్బు నష్టపోవడమే కాక, వక్రీకరణ నేరం కింద తానే నిషేధానికి గురవుతాడు. బ్రాండన్, స్టైన్‌బాక్ పట్టణాలున్న మానిటోబా రాష్ట్రంలో ఉద్యోగం చూపినందుకు కార్మికుని నుంచి రుసుము వసూలు చేయడం 2009 నుంచి చట్టవిరుద్ధం. డబ్బు తీసుకొని వలస సలహాలిచ్చే అధికారం న్యాయవాద సంఘాల సభ్యులకు, క్యూబెక్ నోటరీలకు, కెనడా వలస, పౌరసత్వ సలహాదారుల కళాశాల లైసెన్సు గలవారికి మాత్రమే ఉంది.

భారతదేశంలో విదేశీ ఉద్యోగాలకు నియామకాలు జరిపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం ప్రకారం నమోదు పొంది ఉండాలి. నమోదైన ఏజెంటు సైతం సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు. ఏజెంటు నమోదు వివరాలను విదేశాంగ మంత్రిత్వ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. హైదరాబాద్‌లోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయంలోను విచారించవచ్చు.

ఏదైనా ప్రతిపాదన తమ దృష్టికి వచ్చినప్పుడు అధికారులు, పాత్రికేయులు నాలుగు అంశాలను పరిశీలించవలసి ఉంటుంది. పేర్కొన్న పథకం అమలులో ఉన్నదా? ఆ పట్టణం ఎంపికైన జాబితాలో ఉన్నదా? యజమాని పేరు స్థానిక ఆర్థికాభివృద్ధి సంస్థ గుర్తించిన జాబితాలో ఉన్నదా? ప్రతిపాదనకు డబ్బు అడుగుతున్నారా? మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికైనా లేదని, లేక నాలుగవదానికి అవునని జవాబు వచ్చినట్లయితే అభ్యర్థిని ముందుకు సాగవద్దని హెచ్చరించడం శ్రేయస్కరం.