1975కు ముందున్న ఎనిమిదేళ్ళు

పిట్స్‌బర్గ్ అంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి. ఆ గుడి వెలియడానికి ఏడాది ముందు, 1975లో, ఈ నగరం సొంత అత్యవసర వైద్య సేవల విభాగాన్ని ఏర్పాటు చేసుకుంది. దాని కథను 1975 దగ్గరే మొదలుపెడితే అన్యాయమవుతుంది. అసలు పని 1967లోనే, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతీయుల పేటలో మొదలైంది.

అప్పట్లో రోగిని ఆస్పత్రికి చేర్చేది పోలీసు వ్యాను. మనిషిని కాన్వాసు స్ట్రెచర్ మీద వెనక పడుకోబెట్టి, పోలీసులిద్దరూ ముందు సీట్లో కూర్చునేవారు. దారిలో ఊపిరి ఆగిపోయినా పక్కన చూసే దిక్కుండేది కాదు. మిగతా దేశం పరిస్థితీ అంతంతమాత్రమే. అంబులెన్సు సేవల్లో సగం దాకా అంత్యక్రియలు జరిపించే సంస్థలే నడుపుతున్నాయని 1966లో జాతీయ సైన్స్ అకాడమీ నివేదిక బయటపెట్టింది. మనిషిని పొడవునా పడుకోబెట్టగల పొడవాటి బండ్లు వాళ్ళ దగ్గరే ఉండేవి.

అదే ఏడాది నవంబరులో పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ ఎన్నికల సభలో కుప్పకూలారు. అంతటి మనిషికీ పోలీసు బండే గతైంది. గుండె తిరిగి కొట్టుకుంది గానీ మెదడు కోలుకోలేదు; కొద్దివారాలకే కన్నుమూశారు. ఆయన్ని చూసిన వైద్యుల్లో పీటర్ సఫర్ ఒకరు. నోటితో ఊపిరి ఊది ప్రాణం నిలిపే పద్ధతిని శాస్త్రీయంగా నిరూపించి, సి.పి.ఆర్.కు రూపమిచ్చిన వారిలో ముఖ్యుడాయన. ఆ ఏడే ఉబ్బసంతో కూతురు ఎలిజబెత్‌ను పోగొట్టుకున్నారు.

మారిస్ ఫాక్ మెడికల్ ఫండ్ అధ్యక్షుడు ఫిల్ హాలెన్, హిల్ డిస్ట్రిక్ట్ పేటలోని ఫ్రీడమ్ హౌస్ సంస్థ 1967లో అంబులెన్సు సేవ కోసం సఫర్‌తో చేతులు కలిపారు. పనీపాటా దొరకని స్థానిక యువకులను తీసుకుని సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చారు. వారిలో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళున్నారు, హైస్కూలు పూర్తిచేయనివాళ్ళూ ఉన్నారు. శరీర నిర్మాణం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆపరేషన్ థియేటర్లలో పని నేర్చుకున్నారు. సఫర్ బండినీ కొత్తగా తీర్చిదిద్దారు: రోగి తలవైపు ఒక మనిషి కూర్చుని శ్వాసమార్గం చూసుకునేందుకు చోటు, గొంతులో అడ్డుపడింది లాగేసే యంత్రం, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్. హైదరాబాదులో 2005లో మొదలైన 108 బండి వెనక భాగంలో మనవాళ్ళు చూసేదీ ఈ పద్ధతే.

1968లో బండ్లు రోడ్డెక్కాయి. తొలి ఏడాదే దాదాపు 5,800 పిలుపులు అందుకున్నాయి. 1974లో వైద్య సంచాలకురాలిగా వచ్చిన నాన్సీ కరొలైన్ ఈ బృందంతో తిరుగుతూ రాసిన పాఠాలే దేశంలో పారామెడిక్కుల తొలి జాతీయ పాఠ్యప్రణాళికకు ఆధారమయ్యాయి.

ఇంత చేసినా నగరం నుంచి డబ్బు చాలీచాలకుండానే వచ్చేది. మేయర్ పీట్ ఫ్లాహర్టీ హయాంలో, 1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్‌తో నగరం ఒప్పందం ముగిసింది. నగరం సొంత విభాగం పెట్టుకుంది. ఫ్రీడమ్ హౌస్ సిబ్బందిని అందులోకి తీసుకోవాలని కరొలైన్ పట్టుబట్టారు. తీసుకున్నారు కూడా. కానీ కొత్త పరీక్షల్లో కొందరు తప్పారు. ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు కొత్తగా చేరినవాళ్ళ కింద పనిచేయాల్సి వచ్చింది. ఇది నగర విభాగం చరిత్రలో దాచకూడని పుట.

ఆ బృందంలోని మిచెల్ బ్రౌన్ తర్వాత ఒహాయోలోని కొలంబస్ నగరానికి ప్రజాభద్రతా డైరెక్టరయ్యారు. జాన్ మూన్ పిట్స్‌బర్గ్‌లోనే నిలబడి అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగారు. ఆ హోదాలో, నల్లజాతి యువతీయువకులను తిరిగి ఈ ఉద్యోగాల్లోకి తెచ్చేందుకు పాటుపడ్డారు.